ఇక్కడికొచ్చా

మొదట్లో నేనూ అలాగే రాశాను:
ఇక్కడికొచ్చా.
దాని కింద, ఇక్కడికొచ్చా రెండు.
ఇంకా కింద, విసిగిన ఏదో రాత్రి,
అబ్బ, ఇక్కడిక్కూడా వచ్చా.
ఎవరు? ఎక్కడికి? ఎన్నింటికి?
తెల్లారి చదివితే రాసిన నాకే తెలియలేదు.

కొండపి దాటాక మాలకొండయ్య పొగాకు బ్యారన్.
కర్రలకల్లిన పచ్చాకు అటకలనిండా వేలాడుతుంది.
లోపల మూడు థర్మామీటర్లు,
బయట గోడకి నేను చేసిన పెట్టె.
వేడి గీత దాటితే ఆయన ఫోనుకు కబురంపాలి,
అంతే దాని పని.
రెండు బ్యారన్లు కాల్చేదాకా బానే అంపింది.
మూడోదానికి, ఈనె ఎండే రాత్రి,
వేడి నూట డెబ్బై దాటినా నోరు మెదపలేదు.
పెట్టె ఉందిగదా అని ఏసోబు
కట్టెల మోపు మీద కన్ను మూశాడు.

మాలకొండయ్య తిట్టలేదు.
ఒంగోలు లాయర్‌పేటలో నా గదికొచ్చి
ఎర్రగా మాడిన ఆకొకటి కీబోర్డు మీద పెట్టి
మంచినీళ్లయినా తాగకుండా మెట్లు దిగిపోయాడు.

కంగారులో ప్రోగ్రామంతటినీ మాట్లాడించాను.
ప్రతి ఫంక్షనూ, ప్రతి డిగ్రీ, ప్రతి సెకనూ.
తెల్లారేసరికి మెమరీ కార్డు పొర్లి పెట్టె చచ్చిపోయింది.
మిగిలినవి లక్షా ఎనభై వేల వరుసలు,
సంతలో తప్పిపోయిన పిల్ల గొంతు
వాటిలో ఎక్కడో ఉంది.
వాటి మధ్యే మాలకొండయ్య ఫోను నంబరు,
వేలం పాసుబుక్కు నంబరు,
బట్టల్లేకుండా.
ముందు వాటిని కొట్టేశాను.
తప్పు వెతకడం తర్వాత.

అప్పుడు పేర్లు పెట్టాను.
సెగ. సెగలో పై అటక, నడిమటక, కిందటక.
ఫ్యాను. గడియారం. కబురు.
ఒక్కో పేరుకు ఒక్కో రంగు.
పిలిచినవాళ్లే పలకాలి,
మిగతావాళ్లు ఉన్నచోటే నోరు మూసుకుని కూర్చోవాలి.
సెగంతా రావాలి, పై అటక తప్ప, అంటే
అర్థం చేసుకునేంత బుద్ధి ఉంది దానికి.
ప్రతి వరుస చివరా చిన్న అంకె:
ఇందాకటి మాటకీ ఈ మాటకీ నడుమ ఎంతసేపని.
ఆ అంకెను నేను చాన్నాళ్లు చూడనేలేదు.

ఫిబ్రవరి మంచు. కట్టెల మీద లాప్‌టాప్.
సెగను మాత్రం పిలిచాను.
నూట నలభై ఆరు. పది సెకన్లు.
నూట నలభై ఆరు. పది సెకన్లు.
ఏసోబు పొయ్యిలోకి సరుగుడు కట్టె తోశాడు.
నూట నలభై ఏడు. పది సెకన్లు.
నూట యాభై మూడు. ఆరువందల పన్నెండు సెకన్లు.

అంకె తప్పు కాదు. థర్మామీటరు అబద్ధమాడలేదు.
తప్పు రెండు వరుసల నడుమ,
ఏమీ రాయని చోట ఉంది.

కబురును పిలిచాను. ఊదారంగులో పలికింది:
పంపుతున్నా.
పంపాను అనే వరుస కోసం చూస్తూ కూర్చున్నా.
పొయ్యి చిటపటలాడింది. కుక్క ఒకటి వచ్చి వెళ్లింది.
పంపుతున్నా అన్నది అక్కడే నిలబడి ఉంది,
టవరు గుమ్మం దగ్గర, చేతులు కట్టుకుని,
లోపలి వేడిని చూడటం మానేసి.
అది పంపాలనుకుంటున్న కబురేందో తెలుసా?
గంటకోసారి పంపమని నేనే రాసింది:
అంతా బాగుంది.

"పన్నెండు దాటితే ఈడ సిగ్నలుండదు పాపా,
ఎప్పుడూ అంతే," అన్నాడు ఏసోబు బీడీ ఆర్పుతూ.
ముందే చెప్పొచ్చుగా అన్నాను.
"నువ్వడిగింది పొయ్యి సంగతేగా.
ఇంకోటి. కాల్చేది నేనైతే
ఆయన ఫోనుకెందుకు? నన్ను లేపు."

కబురును సెగ నుంచి విడదీశాను.
అది ఎంతసేపైనా నిలబడనీ,
చూసే కన్ను చూస్తూనే ఉండాలి.
పాత లారీ హారనొకటి గోడకి బిగించాను.
మొదటిసారి మోగినప్పుడు
ఏసోబు నన్ను తిట్టిన తిట్టు
ఏ రంగులోనూ రాయలేను.

పేర్లు పెట్టిన వరుసలన్నీ లోపలే ఉన్నాయి, నిద్రలో.
మొన్న కోడు సర్దుతుంటే ఓ మూల దొరికింది
ఇక్కడికొచ్చా రెండు.
తీసేద్దామని వేలు పెట్టి
తీయలేదు.
కీబోర్డు సందుల్లో ఇంకా పొగాకు నలుసులు.